గోల్ వల ముందు నుంచి శిక్షకుడి స్థానానికి: జపాన్ కీపర్ల దారిని మన మొరం గ్రౌండుకు తెచ్చుకోవడం ఎలా

నల్లగొండ, పాలమూరు వైపు పాఠశాలల్లో ఫుట్‌బాల్ జట్టు కట్టేటప్పుడు గోల్‌కీపర్‌ను ఎంపిక చేయడం అరుదు. పది మందిని ఏరుకున్నాక మిగిలిపోయిన పిల్లవాడినో, పరుగెత్తలేడని పేరుపడ్డవాడినో గోల్‌లో నిలబెడతారు. వాడు ఆ స్థానాన్ని ప్రేమించి, కళాశాల జట్టు దాకా ఆడి, ముప్ఫై ఏళ్లు దాటాక మోకాళ్లు మొరాయించి, ఇక నేర్పుదామని అనుకున్న రోజున వాడికి ఒక చిక్కు ఎదురవుతుంది. వాడికి ఎవరూ పద్ధతిగా నేర్పలేదు గనుక, తనకు తెలిసినది ఎలా నేర్పాలో వాడికి తెలియదు. ఈ మార్గదర్శిని అలాంటి మాజీ కీపర్ల కోసమూ, జట్టు బాధ్యత నెత్తిన పడిన పీఈటీ సార్ల కోసమూ రాస్తున్నాను.

దారి చూపడానికి జపాన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ కీపర్లు శిక్షకులుగా మారిన తీరు బాగా నమోదై ఉంది, ఒక తరం కీపర్ తర్వాతి తరం కీపర్‌కు ఎలా చోటిచ్చాడో, ఎలా నేర్పాడో వరుసగా చూడవచ్చు. అయితే జీవిత చరిత్రను ఆరాధనగా చదివితే ఏమీ దక్కదు. కీపర్ జీవితాన్ని చదివేటప్పుడు ఒకే ప్రశ్న పట్టుకోండి: ఈ మనిషి ఏ రోజున బంతిని ఆపడం గురించి ఆలోచించడం మాని, బంతి గోల్ దాకా ఎందుకు వచ్చిందని ఆలోచించడం మొదలుపెట్టాడు? శిక్షకుడిగా అతని వయసును ఆ రోజు నుంచి లెక్కించాలి.

ముగ్గురి జీవితాలను ఎలా చదవాలి

మొదట కెంజో యొకొయామా. 1943లో పుట్టాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి ఇరవై ఒక్క ఏళ్ల విశ్వవిద్యాలయ విద్యార్థి. 1966లో మిత్సుబిషి కంపెనీ జట్టులో చేరాడు. అప్పట్లో జపాన్‌లో వృత్తి ఫుట్‌బాల్ లేదు, కంపెనీల జట్లే 1965లో మొదలైన జాతీయ లీగులో ఆడేవి. మన దగ్గర రైల్వే, పోలీసు, ఉక్కు కర్మాగారాల జట్లు ఆడినట్టే అనుకోండి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం కోసం జరిగిన పోటీలో ఆతిథ్య జట్టు మెక్సికోను జపాన్ 2-0తో ఓడించింది. రెండు గోల్‌లూ ముందు వరుస ఆటగాడు కమామొతోవి, అందుకే చరిత్ర ఆయన పేరే ఎక్కువగా చెబుతుంది. రెండో సగం మొదట్లోనే మెక్సికోకు దొరికిన పెనాల్టీని యొకొయామా ఆపకపోయి ఉంటే ఆ ఆట ఏ మలుపు తిరిగేదో చెప్పడం కష్టం.

ఆ తర్వాతి దశ మనకు ఇంకా ముఖ్యం. 1976లో ఆయన మిత్సుబిషి జట్టుకు శిక్షకుడయ్యాడు. కీపర్లకు మాత్రమే కాదు, మొత్తం జట్టుకు. రెండేళ్లకు, 1978లో, ఆ జట్టు జాతీయ లీగు, చక్రవర్తి కప్పు, లీగు కప్పు మూడింటినీ ఒకే సంవత్సరంలో గెలిచింది. 1988 నుంచి 1991 వరకు జపాన్ జాతీయ జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆ కాలంలో జట్టు 1990 ప్రపంచ కప్పుకు అర్హత సాధించలేకపోయింది, 1991లో కిరిన్ కప్పు గెలిచింది. నీలి రంగుతో గుర్తుపట్టే జపాన్ జట్టు ఆయన హయాంలో ఎర్ర చొక్కాలు వేసుకుని ఆడిందన్న సంగతి చాలామందికి తెలియదు. మిత్సుబిషి జట్టే తర్వాత ఉరావా రెడ్స్ అయింది, 1994లో దానికీ ఆయన శిక్షకుడిగా పనిచేశాడు. ఆ ఏడాది జట్టు పట్టిక అడుగునే కొట్టుమిట్టాడింది. మూడు కప్పులు గెలిచిన మనిషికీ అలాంటి ఏడాది వస్తుందని తెలుసుకుని ఈ పనిలోకి దిగండి.

రెండోవాడు షిగెతత్సు మత్సునగా. జపాన్ వృత్తి లీగు 1993 మే 15న మొదలైన నాటి తొలి ఆటలో యొకొహామా మారినోస్ గోల్‌లో ఉన్నది అతడే. అదే సంవత్సరం అక్టోబర్ 28న దోహాలో ఇరాక్‌తో ఆటలో జపాన్ 2-1తో ముందుంది. ఇంకొన్ని క్షణాలు గడిస్తే తొలిసారి ప్రపంచ కప్పుకు వెళ్లేది. ఆట చివర కలిపిన అదనపు సమయంలో ఇరాక్ కార్నర్‌ను నేరుగా పెట్టెలోకి, అంటే గోల్ ముందు గీసిన పెనాల్టీ ప్రాంతంలోకి, కొట్టకుండా చిన్న పాస్‌గా ఆడింది. అడ్డుకోబోయిన కజుయోషి మియురాను దాటి బంతి లోపలికి వచ్చింది, ఇరాక్ ఆటగాడు తలతో కొట్టాడు, మత్సునగా చూస్తుండగా అది వలలో పడింది. ఆ గోల్‌ను ఇప్పటికీ జపనీయులు మరిచిపోలేదు.

ఇది చాలదన్నట్టు, 1995లో పందొమ్మిదేళ్ల కుర్రవాడు అతని స్థానాన్ని తీసుకున్నాడు. మత్సునగా చిన్న క్లబ్బులకు వెళ్లి ఆడి, 2000లో ఆట మానేసి, కీపర్ల శిక్షకుడయ్యాడు. 2007లో మారినోస్‌కే ఆ హోదాలో తిరిగివచ్చాడు. 2019లోనూ, 2022లోనూ మారినోస్ లీగు గెలిచినప్పుడు కీపర్లను తయారుచేసింది అతడే. ఇక్కడ ఆగి ఆలోచించండి. అతను ఆట నేర్చుకున్న కాలంలో డిఫెండర్ వెనక్కి తన్నిన బంతిని కీపర్ చేతులతో పట్టుకోవచ్చు. ఆ నియమం 1992లో మారింది, అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు. 2019 నాటి మారినోస్‌లో కీపర్ గోల్ వదిలి పెట్టె బయటకు వచ్చి, కాళ్లతో పాస్‌లు ఇస్తూ పదకొండో ఆటగాడిగా ఆడాలి. తాను ఎన్నడూ అలా ఆడని మనిషి ఆ ఆట ఆడే కీపర్లను సిద్ధం చేశాడు. “మా కాలంలో ఇట్ల లేకుండె” అనే మాట నాలుక చివరకు వచ్చినప్పుడల్లా మత్సునగాను గుర్తు చేసుకోండి.

అతని స్థానాన్ని తీసుకున్న కుర్రవాడు యోషికత్సు కవాగుచి. 116 అంతర్జాతీయ ఆటలు, నాలుగు ప్రపంచ కప్పుల జట్లలో చోటు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌ను 1-0తో ఓడించిన జట్టుకు అతడే కీపర్. 2006 ప్రపంచ కప్పులో క్రొయేషియా ఆటగాడు స్ర్నా కొట్టిన పెనాల్టీని ఆపాడు. ఎత్తు సుమారు 180 సెంటీమీటర్లే. పొడవు లేదని మన దగ్గర పిల్లలను పక్కన పెట్టేవారికి ఈ సంగతి చెప్పాలి. అయితే శిక్షకుడు కాదలచినవారు అతని జీవితంలో చదవాల్సిన పేజీ 2010 నాటిది. దక్షిణాఫ్రికా ప్రపంచ కప్పుకు అతన్ని మూడో కీపర్‌గా, ఆడే అవకాశం దాదాపు లేదని తెలిసే తీసుకెళ్లారు, పైగా జట్టుకు పెద్ద దిక్కుగా ఉండే బాధ్యత అప్పగించారు. అంతకు ముందు ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఎక్కువ కాలం బెంచీ మీద కూర్చున్న అనుభవమూ ఉంది. 2018లో ఆట విరమించిన తర్వాత, టోక్యో ఒలింపిక్స్ జట్టు కీపర్లకు శిక్షకుడయ్యాడు, 2022 నుంచి తాను ఆడిన జుబిలో ఇవాటా క్లబ్బులో అదే పని చేపట్టాడు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. 2004 జూలై 31న ఆసియా కప్పు క్వార్టర్ ఫైనల్‌లో జోర్డాన్ మీద పెనాల్టీ షూటౌట్‌ను కవాగుచి గెలిపించాడు. సరిగ్గా పదిహేడేళ్లకు, 2021 జూలై 31న, ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో న్యూజిలాండ్ మీద షూటౌట్ జరిగినప్పుడు అతను బెంచీ మీద ఉన్నాడు, అతను తయారుచేసిన కోసెయ్ తని గోల్‌లో నిలబడి ఒక కిక్‌ను ఆపాడు.

దూరపు పేర్లే ఎందుకని అడిగేవారికి మన పీటర్ తంగరాజ్ ఉన్నాడు. హైదరాబాద్‌లో పుట్టాడు. మొదట ముందు వరుసలో ఆడి తర్వాత గోల్‌లోకి మారాడు. సైన్యం జట్టుకు ఆడి 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ బంగారు పతకం గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది ఆయనే. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాద్ రహీం సాబ్.

ఆడుతుండగానే నోట్‌బుక్ మొదలుపెట్టండి

ఆట మానేశాక శిక్షకుడు కావడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మీరింకా ఆడుతుంటే ఈ వారమే ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనండి. మీ జట్టు మీద పడిన ప్రతి గోల్‌కూ ఒక పేజీ కేటాయించండి. పేజీ మధ్యలో గ్రౌండు బొమ్మ గీసి, బంతి వలలో పడిన చోటు నుంచి వెనక్కి నడవండి: చివరి తన్ను ఎక్కడి నుంచి వచ్చింది, అంతకు ముందు పాస్ ఎవరిది, మన బంతి వారి కాళ్లకు ఎక్కడ చిక్కింది, ఆ క్షణంలో మన డిఫెండర్లు ఎటు చూస్తున్నారు, అప్పుడు మీరు నోరు తెరిచారా లేదా. ఈ ఆఖరి ప్రశ్నకు నిజాయితీగా సమాధానం రాయడం కష్టం. దోహా గోల్‌ను ఈ పద్ధతిలో రాసి చూడండి. పేజీలో కీపర్ చేతుల గురించి రాయడానికి దాదాపు ఏమీ ఉండదు, చిన్న కార్నర్ ఆడబోతున్నారని ముందుగా ఎవరు గుర్తించాలి, రెండో మనిషి ఎవరు వెళ్లాలి అన్నదే పేజీ నిండా వస్తుంది.

ముప్ఫై పేజీలు నిండాక వాటిని గుట్టలుగా విడదీయండి. మన స్థాయి ఆటల్లో సగానికి పైగా పేజీలు ఒకే గుట్టలో పడటం నేను చూశాను: మన పెట్టె దగ్గర డిఫెండర్ బంతిని బయటకు తన్నకుండా తిప్పుకోబోయి పోగొట్టుకున్నవి. అలాంటి జట్టుకు కీపర్ డైవ్‌లు ఎంత నేర్పినా లాభం తక్కువ. ఆ డిఫెండర్‌తో కీపర్ మాట్లాడటం నేర్పాలి.

పిల్లవాడిని ఎక్కడ వెతకాలి

ఫుట్‌బాల్ గ్రౌండులో వెతకకండి. సాయంత్రం ఊరి కబడ్డీ బరి దగ్గరకు వెళ్లండి. కబడ్డీ ఆడిన పిల్లవాడికి నేల అంటే భయం ఉండదు. పడటం, పొర్లడం, లేవడం వాడికి నేర్పనక్కరలేదు, ఎదుటివాడి కాళ్ల మీదికి దూకడానికి వెనుకాడడు. వాలీబాల్ ఆడే పిల్లవాడికి గాలిలో బంతి ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది, ఎగిరే సమయం తెలుస్తుంది, అయితే బంతిని పట్టుకోవడం బదులు కొట్టడం అలవాటై ఉంటుంది, దాన్ని మాన్పించడానికి రెండు నెలలు పడుతుంది. క్రికెట్‌లో వికెట్ల వెనుక నిలబడే పిల్లవాడికి మెత్తని చేతులు ఉంటాయి. ఈ ముగ్గురిలో ఎవరైనా పనికొస్తారు. ఎత్తును చివరగా చూడండి, పన్నెండేళ్ల పిల్లవాడు పదహారేళ్లకు ఎంత పెరుగుతాడో మీకూ నాకూ తెలియదు.

ఒకరిని కాదు, ముగ్గురిని తీసుకోండి. దీనికి పాలమూరులో ప్రత్యేక కారణం ఉంది. దసరా తర్వాత తల్లిదండ్రులతో పుణెకో ముంబైకో వలస వెళ్లే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. సీజన్ మధ్యలో కీపర్ వెళ్లిపోతే జట్టు మొత్తం కుప్పకూలుతుంది. తిరిగివచ్చిన పిల్లవాడికి వాడి స్థానం పోలేదని చెప్పి, మొదటి రెండు వారాలు డైవ్‌లు లేకుండా చేతులు, అడుగుల పని మాత్రమే ఇవ్వండి. గురుకులంలో పనిచేసేవారికి ఈ బాధ తక్కువ, అక్కడ పిల్లలు రోజూ ఉదయమే అందుబాటులో ఉంటారు.

గ్రౌండును సిద్ధం చేయడం

జపాన్ క్లబ్బుల పచ్చిక మనకు లేదు. ఎర్ర చెల్క నేల, పైన గులకరాళ్లున్న మొరం, ఎండాకాలంలో బండలా గట్టిపడుతుంది. అలాంటి నేల మీద డైవ్ నేర్పితే పిల్లవాడి తుంటి, మోచేతులు చీరుకుపోతాయి, ఆ తర్వాత వాడు ఏ బంతికీ పడడు. అందుకని నేర్పడం మొదలుపెట్టే ముందు గోల్ పక్కన, గోల్‌లో కాదు, ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున ఒక మడి తవ్వించండి. జానెడు లోతు తవ్వి రాళ్లన్నీ ఏరి, వాగు ఇసుక నింపండి. సాయంత్రం పని మొదలయ్యే గంట ముందు రెండు బిందెల నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. మొదటి నెల గోనె సంచుల్లో వరిగడ్డి కుక్కి, మూతి కుట్టి, ఇసుక మీద పరిస్తే పరుపులా పనిచేస్తాయి. నల్లగొండ జిల్లాలో ఆయకట్టు వైపు గడ్డికి కొదవ లేదు, దేవరకొండ, అచ్చంపేట వైపు వారు మాత్రం కోతల సమయంలోనే తెచ్చి దాచుకోవాలి.

ఒక హెచ్చరిక. కదిలించగల ఇనుప గోల్ ఫ్రేము ఉంటే వెనుక కడ్డీ మీద ఇసుక బస్తాలు వేసి, మేకులతో నేలకు బిగించకుండా ఒక్క పిల్లవాడిని కూడా దాని దగ్గరకు రానివ్వకండి. పిల్లలు అడ్డ కడ్డీకి వేలాడతారు, ఫ్రేము ముందుకు పడితే ప్రాణం మీదికి వస్తుంది.

పనివేళలు ఎండను బట్టి పెట్టండి. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఎనిమిదిలోపు ముగించాలి, సాయంత్రం ఐదున్నర తర్వాతే మొదలుపెట్టాలి. చేతి తొడుగులను వాడే ముందు కాస్త తడిపితే పట్టు దొరుకుతుంది. వాడాక మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి. ఎండలో ఆరేస్తే అరచేతి రబ్బరు నెలలోనే పగుళ్లిస్తుంది.

మాట నేర్పడం

చేతుల కంటే ముందు నోరు నేర్పాలని నా అభిప్రాయం, ఇందులో నాతో విభేదించే శిక్షకులు ఉన్నారు. గ్రౌండు మొత్తం ముందు నుంచి కనిపించేది కీపర్‌కు ఒక్కడికే. వాడు మౌనంగా ఉంటే ఆ చూపు జట్టుకు అందదు. మన పిల్లలకు ఇబ్బంది ఏమిటంటే, పెద్ద తరగతి డిఫెండర్‌ను చిన్న తరగతి కీపర్ గద్దించడానికి జంకుతాడు. “అన్నా, కొంచెం పక్కకు జరుగవా” అనేలోపు గోల్ పడిపోతుంది. కాబట్టి గ్రౌండులో వరసలు ఉండవని జట్టు అందరి ముందు మీరే ప్రకటించండి, గేటు దాటాక మళ్లీ అన్నా అనవచ్చు.

మాటలను జట్టంతా కలిసి ఎంచుకోవాలి, గోడ మీద రాయాలి, వాటిని ఏడాది పొడవునా మార్చకూడదు. ఇంగ్లీషు మాటలను బలవంతంగా రుద్దకండి. మూడు అక్షరాలు దాటని, పిల్లల నోట సహజంగా పలికే మాటలే మంచివి. గాలిలో వచ్చే బంతికి తాను వస్తున్నప్పుడు “నాది”, డిఫెండర్ తన్నేయాలంటే “కొట్టు”, బంతి బయటకు పోతుందని తెలిస్తే “ఇడువు”, వెనుక నుంచి ప్రత్యర్థి వస్తుంటే “ఎనక”, సమయం ఉంటే “తిప్పు”. ఐదు మాటలు చాలు. “నాది” అన్న కీపర్ తప్పనిసరిగా రావాలి, అని ఆగిపోతే ఆ రోజు పని అక్కడ ఆపి మొదటి నుంచి చేయించండి. మొదటి రెండు వారాలు బంతి లేకుండానే, డిఫెండర్లు నడుస్తుండగా కీపర్ చూసి పలికే సాధన చేయించవచ్చు. చూసేవారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

తాడుతో కోణం నేర్పడం

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ బిందువు దూరం 11 మీటర్లు. గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో అక్కడి నుంచి కొట్టిన బంతి దాదాపు 0.4 సెకన్లలో గీతను దాటుతుంది. గీత మీద నిలబడి ప్రతిస్పందించడం మీద మాత్రమే ఆధారపడిన కీపర్ ఓడిపోతాడు. ఈ మాటను నోటితో చెబితే పిల్లలకు ఎక్కదు, తాడుతో చూపించాలి.

యాభై ఐదు మీటర్ల సన్నని నైలాన్ తాడు తెచ్చుకోండి. గీత కార్మికుల మోకు లాంటి బరువైనది వద్దు. తాడు రెండు కొసలను రెండు పోస్టుల మొదళ్లకు కట్టి, మధ్య భాగాన్ని బంతి ఉన్న చోట ఒక పిల్లవాడితో బిగుతుగా పట్టించండి. రెండు తాళ్ల మధ్య ఉన్న త్రిభుజమే కీపర్ కాపాడాల్సిన పొలం. బంతి పెనాల్టీ బిందువు దగ్గర ఉన్నప్పుడు కీపర్ గీత మీదుంటే వెడల్పు 7.32 మీటర్లు. మూడు మీటర్లు ముందుకు వస్తే తాళ్ల మధ్య దూరం 5.32 మీటర్లకు తగ్గుతుంది. ఐదున్నర మీటర్ల గీత దాకా వస్తే సరిగ్గా సగం, 3.66 మీటర్లు. పిల్లల చేతే టేపుతో కొలిపించండి, లెక్కల సార్‌ను పిలిస్తే ఆయనా సంతోషిస్తారు. తర్వాత బంతిని పెట్టె మూలలకు జరిపి మళ్లీ కొలవండి. అప్పుడు త్రిభుజం ఒరిగిపోతుంది, దాని నడిమి గీత మీద నిలబడాలంటే దగ్గరి పోస్టు వైపు ఎంత జరగాలో వాళ్లకే తెలిసిపోతుంది.

ముందుకు వచ్చే కొద్దీ తల మీదుగా బంతి ఎత్తి వేసే ప్రమాదం పెరుగుతుంది. ఎదుటివాడు బంతి మీద తల వంచి ఉన్నప్పుడు ముందుకు రావాలి, తల ఎత్తి చూసినప్పుడు ఆగాలి, తన్నే క్షణంలో రెండు కాళ్లూ నేల మీద ఉండాలి. దీన్ని రోజూ పదిహేను నిమిషాల చొప్పున మూడు వారాలు చేయించాక తాడు తీసేయండి. సందేహం వచ్చిన రోజు మళ్లీ కట్టండి.

చేతులు, పడటం, కాళ్లు

ఇవి ఏ శిక్షణ వీడియోలోనైనా దొరుకుతాయి గనుక క్లుప్తంగా చెబుతాను. ఛాతీ పైన వచ్చే బంతికి రెండు బొటనవేళ్లూ దగ్గరగా, అరచేతులు బంతి వెనుక ఉండాలి. నడుము కింద వచ్చే బంతికి చిటికెన వేళ్లు దగ్గరగా, బంతిని ఒడిలోకి లాక్కోవాలి. డైవ్‌ను మొదట మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆఖరున నిలబడి నేర్పాలి. పక్కకు పడేటప్పుడు పిక్క, తొడ, తుంటి, భుజం వరుసగా నేలను తాకాలి, మోచేయి ముందు తాకకూడదు. పదమూడేళ్లలోపు వారికి ఒక పూటలో ఇరవై డైవ్‌లు మించనివ్వకండి. తలకు దెబ్బ తగిలి తికమకగా కనిపించిన పిల్లవాడిని ఆ రోజు మళ్లీ గోల్‌లోకి పంపకూడదు, వాడు ఎంత ప్రాధేయపడినా సరే, వైద్యుడికి చూపించాలి.

కాళ్ల పని మాత్రం మత్సునగా తరానికి లేనిది, నేటి కీపర్‌కు తప్పనిది. వారంలో ఒక రోజు కీపర్‌ను చేతి తొడుగులు లేకుండా మధ్య ఆటగాడిగా ఆడించండి. మన మొరం మీద బంతి ఎగిరెగిరి వస్తుంది గనుక, గోల్ ఎదురుగా వెనక్కి పాస్ ఇవ్వకూడదని, పోస్టుకు పక్కగా ఇవ్వాలని డిఫెండర్లకు చెప్పండి. అదుపు తప్పినా కార్నర్ వస్తుంది, గోల్ కాదు.

కొత్త నియమం ఒకటి మరిచిపోకండి. 2025 జూలై నుంచి కీపర్ చేతుల్లో బంతిని ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారు, ఆఖరి ఐదు సెకన్లను రిఫరీ చేతి వేళ్లతో లెక్కించి చూపిస్తాడు. సమయం తినడానికి బంతి మీద పడుకోవడం నేర్పిన పాత శిక్షకులు ఆ పాఠాన్ని చింపేయాలి.

పెనాల్టీలకు ముందు నేలను చూడండి

2004లో చోంగ్‌చింగ్‌లో జోర్డాన్‌తో షూటౌట్ మొదలైనప్పుడు జపాన్ తొలి ఇద్దరూ నేల మీద ఆనించిన కాలు జారి బంతిని పైకి తన్నేశారు. కెప్టెన్ మియమొతో రిఫరీ దగ్గరకు వెళ్లి నేల పరిస్థితి చూపించి మాట్లాడాక, మిగతా కిక్‌లను అవతలి గోల్‌కు మార్చారు. ఓటమి అంచు నుంచి కవాగుచి జట్టును 4-3తో బయటపడేశాడు. అక్కడి బురద మనకు తక్కువే గాని, పెనాల్టీ బిందువు దగ్గర మొరం గుంటపడి గులకరాళ్లు తేలి ఉండటం మనకు మామూలే. ఆటకు ముందే మీ కీపర్‌తో కలిసి రెండు బిందువుల దగ్గరికీ నడిచి, కాలితో నొక్కి చూసి, తేడా ఉంటే మర్యాదగా రిఫరీకి చూపించండి. తన్ను పడే క్షణంలో కీపర్ ఒక పాదంలో కొంత భాగమైనా గీత మీద గానీ, గీతకు నేరుగా గానీ, వెనుక గానీ ఉండాలన్న నియమాన్ని సాధనలోనే పాటించండి. పాఠశాల పోటీల్లో పట్టించుకోరని వదిలేస్తే, రాష్ట్ర స్థాయికి వెళ్లాక ఆపిన పెనాల్టీని మళ్లీ కొట్టిస్తారు.

లైసెన్సు, కాగితాలు

అనుభవం ఒక్కటే ఉంటే గ్రౌండు బయటే నిలబెడతారు. పద్దెనిమిదేళ్లు నిండినవారు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సుతో మొదలుపెట్టి, ఆసియా సమాఖ్య సి, బి, ఎ, ప్రో దాకా మెట్లు ఎక్కవచ్చు. కీపర్ల శిక్షకులకు విడిగా మొదటి, రెండో, మూడో స్థాయి కోర్సులు ఉన్నాయి. నా సలహా ఏమిటంటే, కీపర్ కోర్సు కంటే ముందు మామూలు డి, సి పూర్తి చేయండి. మొత్తం జట్టు ఎలా కదులుతుందో తెలియకుండా కీపర్‌కు నేర్పితే, గోల్ గీత దగ్గరి విద్య మాత్రమే అబ్బుతుంది. యొకొయామా జట్టు మొత్తానికి శిక్షకుడు కాగలిగింది ఆ తెలివిడితోనే. కోర్సు తేదీలు, రుసుముల కోసం తెలంగాణ ఫుట్‌బాల్ సంఘాన్ని, సమాఖ్య వెబ్‌సైటును నెలకోసారి చూస్తూ ఉండండి. సీట్లు తక్కువ గనుక పుట్టిన తేదీ రుజువు, ఆడిన పోటీల ధ్రువపత్రాలు, ఫోటోలు ముందే స్కాన్ చేసి ఉంచుకోండి. ఫారం నింపడానికి హైదరాబాద్ వెళ్లనక్కరలేదు.

పెద్ద ఆటగాళ్లు కూడా తరగతి బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నవారే. 1960లో జపాన్‌కు వచ్చిన జర్మన్ శిక్షకుడు డెట్మార్ క్రామర్, 1969లో ఫిఫా తరఫున అక్కడే ఆసియా శిక్షకులకు కోర్సు నడిపాడు. జకార్తా బంగారు పతక జట్టులో తంగరాజ్‌తో కలిసి ఆడిన పి.కె. బెనర్జీ అక్కడికి వెళ్లి విద్యార్థిగా కూర్చున్నాడు.

ఆట రోజున

ఆటకు నలభై నిమిషాల ముందు కీపర్‌ను విడిగా తీసుకెళ్లండి. కష్టమైన బంతులు కొట్టి మీ కాలి బలం చూపించుకోకండి, పట్టుకోగలిగే బంతులే వేయండి. వాడు గ్రౌండులోకి వెళ్లేటప్పుడు చేతుల్లో పట్టిన బంతుల గుర్తు ఉండాలి, జారిన బంతులది కాదు. కీపర్ గురించి ప్రధాన శిక్షకుడికి చెప్పాల్సింది ఆటకు ముందే చెప్పేయండి. మీరిద్దరూ వేర్వేరు మాటలు అరిస్తే పిల్లవాడు ఎవరి మాటా వినడు.

గోల్ పడితే వెంటనే ఏమీ అనకండి. నోట్‌బుక్ తీసి బంతి ఎక్కడ పోయిందో గుర్తు పెట్టుకోండి, ఆ పేజీని సోమవారం వాడితో కలిసి గీయండి. వాడు గీసిన బొమ్మ, మీరు గీసిన బొమ్మ వేర్వేరుగా ఉంటే ముందు వాడిదే నమ్మండి, వాడు నిలబడిన చోటు నుంచి కనిపించింది మీకు పక్క గీత దగ్గర కనిపించదు.

సగం ఆట అయ్యాక కీపర్ అవతలి గోల్‌కు వెళ్తాడు. మన గ్రౌండుల్లో చాలామంది శిక్షకులు వాడి వెంటే నడిచి, పోస్టు వెనుక నిలబడి ప్రతి బంతికీ సూచనలు ఇస్తుంటారు. మీరు వెళ్లకండి. నీళ్ల సీసా చేతికిచ్చి, డిఫెండర్లతో ఏ మాట ఎక్కువగా అరవాలో ఒక్కటి చెప్పి పంపించండి, మీరు వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుని, వాడి గొంతు అక్కడి దాకా వినిపిస్తున్నదో లేదో చెవి పెట్టి వినండి.